మూడో గేములో కూలిపోయే బౌలర్‌కి బాల్స్ సెట్: ఒక కేస్ స్టడీ

డాలస్ శివారులో వారానికో రాత్రి జరిగే టెన్‌పిన్ బౌలింగ్ లీగ్, అంటే బాల్ దొర్లించి లేన్ చివర నిలబెట్టిన పది పిన్నుల్ని పడగొట్టే ఆట. రాత్రికి మూడు గేములు. బౌలర్‌ది కుడిచేతి వాటం, వయసు 36. రెండు సీజన్లుగా ఒకే బాల్‌తో ఆడుతున్నారు, సగటు 158. ఆ సగటును గేముల వారీగా విడగొడితే జబ్బు బయటపడుతుంది. మొదటి గేము 178, రెండోది 160, మూడోది 136.

మా దగ్గరికొచ్చి ఈయన అడిగింది మాత్రం వేరు. "మూడు బాల్స్ కావాలండీ, మూడూ బాగా హుక్ అయ్యేవి." సెట్ కొనడానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇదే అడుగుతారు. మూడు బాల్సూ ఒకేలా హుక్ అయితే, అంటే లేన్ చివర్లో ఒకేలా పక్కకి వంగితే, అది సెట్ కాదు, ఒకే బాల్‌ని మూడుసార్లు కొన్నట్టు. సెట్లో చూడాల్సింది ఒక బాల్‌కీ ఇంకో బాల్‌కీ మధ్య ఎన్ని బోర్డుల (లేన్ పొడవునా ఉండే సన్న పలకలు, ఈయనకి కుడి అంచు నుంచి లెక్క) ఎడం ఉందన్నది. ఆ ఎడం కేటలాగులో దొరకదు. చేతిని కొలిచి, లేన్ మీద వేయించి రాబట్టాలి.

పాత బాల్

14 పౌన్ల పెర్ల్ రియాక్టివ్ బాల్, సెకండ్ హ్యాండ్. రియాక్టివ్ అంటే లేన్ మీద పూసే ఆయిల్‌ని పీల్చుకునే కవర్ (పై పొర) ఉన్నది, పెర్ల్ అందులో మెరిసే రకం. ఎవరో వేరే చేతికి తొలిపించుకున్నది. వేళ్ల రంధ్రాలు మూడు కాక పక్కన నాలుగోది కూడా ఉంది. ఒకప్పుడు బాల్ నడక మార్చడానికి వేసే బ్యాలెన్స్ రంధ్రం అది. అమెరికాలో ఈ ఆట నిబంధనలు చూసే యూఎస్‌బీసీ 2020 ఆగస్టు 1 నుంచి బ్యాలెన్స్ రంధ్రాలను తీసేసింది. పట్టుకోవడానికి వాడని రంధ్రం ఏదున్నా సర్టిఫైడ్ లీగ్‌లో ఆ బాల్ చెల్లదు. రెండు సీజన్లు ఎవరి కంటా పడలేదంతే. సెకండ్ హ్యాండ్ బాల్ కొనేటప్పుడు మొదట రంధ్రాలు లెక్కపెట్టాలి, రంగు సంగతి తర్వాత.

బొటనవేలి రంధ్రం 1 అంగుళం. ఈయన వేలికి సరిపోయేది 61/64. స్పాన్, అంటే బొటనవేలి రంధ్రం అంచు నుంచి వేళ్ల రంధ్రం అంచు దాకా ఉండే దూరం, 3/16 అంగుళం ఎక్కువ. రంధ్రం వదులుగా ఉంటే చెయ్యి బాల్‌ని పిండి పట్టుకుంటుంది. పిండిన వేలు ఆలస్యంగా వదులుతుంది. ఈలోగా మణికట్టు బాల్‌ని చుట్టేసి పక్కకొచ్చేస్తుంది. దీనికి తోడు ఈయనది ఊళ్లో లెగ్ స్పిన్ వేసిన చెయ్యి. కుడిచేతి టెన్‌పిన్ హుక్కూ లెగ్ బ్రేకూ ఒకే దిశలో, కుడి నుంచి ఎడమకి తిరుగుతాయి. అలవాటు పడ్డ మణికట్టు అవసరానికి మించి తిప్పుతుంది.

చేతి కొలతలు

ముందు ఫిట్. ఫింగర్‌టిప్ గ్రిప్‌తో (వేళ్లు మొదటి కణుపు దాకానే రంధ్రంలోకి వెళ్లే పట్టు) మధ్యవేలికి 4 1/8, ఉంగరపు వేలికి 4 3/16 అంగుళాల స్పాన్. బొటనవేలికి 1/8 రివర్స్ పిచ్ (రంధ్రం అరచేతికి దూరంగా వాలడం). సెట్లోని అన్ని బాల్స్‌కీ ఒకే మార్పిడి స్లగ్ (ఒక బాల్‌లోంచి తీసి ఇంకోదాంట్లో బిగించుకునే బొటనవేలి గొట్టం) పెట్టాలని అప్పుడే అనుకున్నాం. బాల్ మారినప్పుడు వేలికి స్పర్శ కూడా మారితే, తేడా బాల్‌దో వేలిదో తేల్చలేం.

తర్వాత బరువు. స్నేహితులు 16 పౌన్లకు వెళ్లమన్నారట. 16 అనేది నిబంధనల్లో గరిష్ఠ బరువు, అందరూ చేరాల్సిన గమ్యమేమీ కాదు. ఫౌల్ లైన్ (బౌలర్ దాటకూడని గీత) నుంచి హెడ్ పిన్ (అన్నిటికంటే ముందున్న పిన్) దాకా 60 అడుగులు. ఫోన్ వీడియోలో ఆ దూరానికి పట్టిన సెకన్లు చూసి, 40.9ని ఆ సెకన్లతో భాగిస్తే గంటకు మైళ్లలో సగటు వేగం వస్తుంది. 14 పౌన్లతో తాజాగా ఉన్నప్పుడు 2.38 సెకన్లు, అంటే 17.2 మైళ్లు. 15 పౌన్లతో 2.42, అంటే 16.9. మూడు గేముల అలసట తర్వాత 15 పౌన్లతో 2.48, అంటే 16.5. అలసటకు పోయింది అర మైలు లోపే కాబట్టి 15 ఖాయం చేశాం. అంతకు మించి పడిపోయి ఉంటే 14 దగ్గరే ఆగేవాళ్లం. పిన్నుల పైన తెరలో కనిపించే వేగాన్ని దీనితో పోల్చకూడదు. చాలా సెంటర్లు లేన్ చివర్లో కొలుస్తాయి, అక్కడికి చేరేసరికి బాల్ నెమ్మదిస్తుంది.

రెవ్ రేటుకి, అంటే నిమిషానికి బాల్ ఎన్ని చుట్లు తిరుగుతుందో చూడటానికి, బాల్ మీద తెల్ల టేపు ముక్క అంటించి, సెకనుకి 240 ఫ్రేముల స్లోమోషన్‌లో తీస్తే చాలు. పాత బాల్‌తో ఒక చుట్టుకి 44 ఫ్రేములు పట్టాయి, అంటే 327 ఆర్‌పీఎం. ఫిట్ సరిచేసిన ప్లాస్టిక్ బాల్‌తో 46 ఫ్రేములు, 313 ఆర్‌పీఎం. రెవ్స్ కొంచెం తగ్గడం ఇక్కడ నష్టం కాదు. యాక్సిస్ రొటేషన్, అంటే బాల్ పోయే దిక్కుకీ దొర్లే దిక్కుకీ మధ్య కోణం, 70 డిగ్రీల నుంచి 60కి దిగింది. ఒక్క ఫిట్ సరిచేస్తే వచ్చిన మార్పు ఇది.

టిల్ట్ అంటే బొంగరంలా నిలబడి తిరిగే లక్షణం. దీనికి ప్లాస్టిక్ బాల్ మేలు. దాని మీద ఫ్లేర్ దాదాపు ఉండదు, ఆయిల్ గీతలు విప్పారకుండా ఒకే వలయంగా పడతాయి. ఆ వలయం ఒక అంచు నుంచి ఎదుటి అంచు దాకా, బాల్ ఉపరితలం మీదుగా టేపు పెట్టి కొలిచాం. 11 అంగుళాలు. టిల్ట్ సున్నా ఉంటే ఈ కొలత బాల్ చుట్టుకొలతలో సగం, సుమారు 13 1/2 అంగుళాలు రావాలి. 11 అంటే టిల్ట్ 16 డిగ్రీల దరిదాపు. అదే వలయానికి అన్ని వైపులా సమదూరంలో, 5 1/2 అంగుళాల దగ్గర ఉండే బిందువే పాజిటివ్ యాక్సిస్ పాయింట్, వాడుకలో పీఏపీ. గ్రిప్ మధ్య నుంచి కుడికి 4 3/4, పైకి 1/2 అంగుళం వచ్చింది. అక్కడ టేపు అంటించి మళ్లీ వేయిస్తే వదిలిన క్షణంలో ఆ టేపు ఊగకుండా నిలబడి కనిపించాలి. ఊగితే కొలత తప్పు, మళ్లీ మొదలు.

ఈ అంకెలు చెప్పేదేమిటంటే, వేగానికి రెవ్స్ సరిపోయాయి, రొటేషన్ ఎక్కువ, టిల్ట్ మధ్యస్థం. ఇలాంటి చేతి నుంచి వచ్చిన బాల్ దానంతటదే దూరం జారి చివర్లో గట్టిగా తిరుగుతుంది. మెరిసే పెర్ల్ బాల్ కూడా అదే పని చేస్తుంది. రెండూ కలిస్తే కత్తికి రెండు వైపులా పదునే.

మూడో గేములో లేన్ మీద జరిగేది

సెంటర్ వాళ్లని అడిగితే ఆయిల్ ప్యాటర్న్ గ్రాఫ్, అంటే లేన్ మీద ఆయిల్ ఎక్కడెంత పూశారో చూపేది, ఇచ్చారు. మామూలు హౌస్ షాట్, 41 అడుగులు, మధ్య బోర్డుల మీద చిక్కగా, బయట పల్చగా. ప్యాటర్న్ పొడవు నుంచి 31 తీసేస్తే బాల్ ఆయిల్ దాటి బయటపడాల్సిన బోర్డు ఇంచుమించుగా వస్తుంది. ఇక్కడ 10. అది చట్టం కాదు, వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే గుర్తు. లీగ్‌లో అందరూ లేన్ మీద గురికోసం ఉండే బాణాల్లో రెండోదాని మీదుగా, అంటే 10వ బోర్డు చుట్టూనే వేస్తారు. రియాక్టివ్ బాల్స్ ఆయిల్ తాగేస్తాయి. రెండో గేము చివరికి ఆ దారి పొడిబారిపోతుంది.

పొడిదారిలో పాత బాల్ రెండు రకాలుగా ఏడిపిస్తుంది. కాస్త బయటికి పడితే ఒక్కసారిగా తిరిగి హెడ్ పిన్ ముక్కు మీద పడుతుంది, స్ప్లిట్ (మధ్యలో ఖాళీతో దూరదూరంగా నిలిచిన పిన్నులు) మిగులుతుంది. కాస్త లోపలికి పడితే మధ్యలో ఇంకా మిగిలిన ఆయిల్ మీద జారిపోయి పాకెట్ (హెడ్ పిన్‌కీ 3వ పిన్‌కీ మధ్య సందు) దాకా రాదు. అప్పటికి బౌలర్ బాల్‌ని తిట్టడం, ఇంకా గట్టిగా తిప్పడం మొదలుపెడతారు. 136 ఇలా తయారవుతుంది.

ఎంచిన సెట్

మూడు రియాక్టివ్ బాల్స్, ఒక ప్లాస్టిక్ స్పేర్ బాల్ (మొదటి షాట్‌కి మిగిలిన పిన్నుల్ని కొట్టడానికి). ఆ మూడింటికీ కోర్ (లోపలి బరువు దిమ్మ) సౌష్ఠవంగా ఉన్నవే, సిమెట్రిక్, తీసుకున్నాం. అసిమెట్రిక్ కోర్ దిశ మార్చడంలో మరింత చురుకు, ఈ చేతికి ఆ చురుకు అక్కర్లేదు.

మధ్యలో నిలబడే బాల్‌ని ముందు ఎంచాలి. మిగతావి దానికి అటూ ఇటూ అమరుతాయి. దాన్నే బెంచ్‌మార్క్ అంటారు. ఇక్కడ స్టార్మ్ ఐక్యూ టూర్: సాలిడ్ (పెర్ల్ మెరుపు కలపని) కవర్, ఆర్‌జీ 2.49, డిఫరెన్షియల్ 0.029. ఆర్‌జీ అంటే బరువు బాల్ నడిమధ్య నుంచి ఎంత దూరంగా పరుచుకుందో చెప్పే అంకె, డిఫరెన్షియల్ దాని గరిష్ఠానికీ కనిష్ఠానికీ తేడా. డిఫరెన్షియల్ తక్కువైతే ఫ్లేర్ తక్కువ, తిరుగుడు మెత్తన. ఇంకా గట్టి బాల్‌గా, అంటే లేన్‌ని ముందే పట్టి ఎక్కువ తిరిగేదిగా, అదే కంపెనీ ఫేజ్ 2: సాలిడ్, 2.48, 0.051. పొడిబారిన లేన్‌కి హై-రోడ్: హైబ్రిడ్ (సాలిడ్, పెర్ల్ కలిపిన) కవర్, 1500 (గరుకు అంకె, పెద్దదయ్యేకొద్దీ నునుపు) మీద పాలిష్, 2.57, 0.046. ఆర్‌జీ ఎక్కువైన బాల్ రోల్ అందుకోవడం ఆలస్యం చేస్తుంది, పొడి ముందు భాగాన్ని తొందరపడకుండా దాటుతుంది. ఒకే కంపెనీ కావడం యాదృచ్ఛికం. అంకెలు ఇలా అమరితే ఎవరి బాల్స్ అయినా పనికొస్తాయి.

లేఅవుట్ (కోర్‌ని బట్టి రంధ్రాలు ఎక్కడ తొలవాలన్నది) విషయంలో రెండు అంకెలే చూశాం: పిన్ (ఇక్కడ పడగొట్టే పిన్ కాదు, బాల్ మీద కోర్ పైభాగాన్ని చూపే రంగు చుక్క) నుంచి పీఏపీకి దూరం, ఆ రెంటినీ కలిపే గీతకీ పీఏపీ మీదుగా పోయే నిలువు యాక్సిస్ గీతకీ మధ్య కోణం (వీఏఎల్). సిమెట్రిక్ బాల్‌లో మూడోదైన డ్రిల్లింగ్ యాంగిల్ ప్రభావం చాలా తక్కువ. పిన్ దూరం 3 3/8 అంగుళాలుంటే ఫ్లేర్ గరిష్ఠం, అటైనా ఇటైనా జరిగేకొద్దీ తగ్గుతుంది. ఫేజ్ 2కి 4 అంగుళాలు, ఐక్యూ టూర్‌కి 4 1/2, హై-రోడ్‌కి 5 1/4. వీఏఎల్ మూడింటికీ 60 డిగ్రీలు. ఈ కోణం పెద్దదైతే హుక్ నుంచి రోల్‌కి మారడం నెమ్మదిగా, వంపుగా జరుగుతుంది. మణికట్టు ఇచ్చే పదునును ఇది కొంత మొద్దు చేస్తుంది. తొలిచాక స్టాటిక్ బరువు (బాల్ ఒక సగానికీ ఎదుటి సగానికీ బరువులో తేడా) తూకం వేసి, 3 ఔన్సుల పరిమితి లోపలే ఉందని చూసుకోవాలి. ఎక్కువైతే సరిచేయడానికి ఇప్పుడు అదనపు రంధ్రం అనే దారి లేదు.

పరీక్షకి ముందు ఐక్యూ టూర్ ఫ్యాక్టరీ ఫినిష్ 4000ని 2000కి గీశాం, బెంచ్‌మార్క్ కాస్త ముందుగా లేన్‌ని పట్టుకుంటే చదవడం సులువవుతుందని. ఫేజ్ 2ని ఫ్యాక్టరీ 3000 మీదే ఉంచాం. ఇది తప్పు, ఎందుకో వెంటనే తెలిసింది.

మొదటి పరీక్ష: తాజా ఆయిల్

బాల్స్ పరీక్షలో అందరూ చేసే పొరపాటు ఒక బాల్‌తో పది షాట్లు, తర్వాత రెండోదానితో పది వేయడం. రెండో బాల్ వంతు వచ్చేసరికి లేన్ మారిపోయి ఉంటుంది. పోల్చేది బాల్స్‌ని కాదు, లేన్ వయసుల్ని. అందుకని వరుస 1-2-3, 3-2-1. ఇలా ఐదుసార్లు, మొత్తం 30 షాట్లు, ఒక్కో బాల్‌కి 10. అరుగుదల మూడింటికీ సమానంగా పంచుతుంది ఈ వరుస. ఒకే లేన్ మీద వేయాలి, పక్కపక్క లేన్లు కూడా ఒకేలా ఉండవు.

నిలబడే చోటు, గురి మారకూడదు. బాణాల దగ్గర 12వ బోర్డు. వెనక ఒకరు నిలబడి ప్రతి షాట్‌కీ నాలుగు విషయాలు రాస్తారు: బాణాల దగ్గర దాటిన బోర్డు, పిన్నులకి తగిలినప్పటి బోర్డు, సమయం, మిగిలిన పిన్నులు. గురి ఒక బోర్డు కంటే ఎక్కువ తప్పినా, వేగం అర మైలు తేడా వచ్చినా ఆ షాట్ లెక్కలోకి రాదు. స్ట్రైకుల్ని (ఒకే షాట్‌కి పది పిన్నులూ పడటం) బాల్‌కి మార్కులుగా వేయకూడదు. పది షాట్లలో స్ట్రైకుల సంఖ్యని అదృష్టం సులువుగా అటూ ఇటూ చేస్తుంది, బోర్డుల అంకె అబద్ధమాడదు.

కుడిచేతి బౌలర్‌కి పాకెట్ 17 1/2 బోర్డు, హెడ్ పిన్ నడిమధ్య 20. ఐక్యూ టూర్‌కి చెల్లిన 8 షాట్ల సగటు 17.6, చెదురు ఒకటిన్నర బోర్డు. ఫేజ్ 2కి 9 షాట్లు, సగటు 18.7, చెదురు రెండు బోర్డులు. హై-రోడ్‌కి 7 షాట్లు. సగటు చెప్పడం దండగ, ఎందుకంటే 14 నుంచి 21 దాకా పరుచుకున్నాయి.

మొదటి సమస్య: గట్టి బాల్‌కీ బెంచ్‌మార్క్‌కీ ఎడం ఒక్క బోర్డే. ఫేజ్ 2తో పాకెట్ కొట్టాలంటే పాదాల్ని ఎడమకి ఒకటో రెండో బోర్డులు జరిపితే సరిపోయింది. ఇంతోటి దానికి ఇంకో బాల్ మోయడం ఎందుకు? కోర్ అంకెల్లో అంత తేడా ఉన్నా కవర్ గరుకుతనం దాన్ని మింగేసింది. బాల్ నడకలో కవర్, దాని గరుకు ముందు వరుస. కోర్, లేఅవుట్ ఆ తర్వాతే. కొనేవాళ్లు మాత్రం కోర్ బొమ్మ చూసి డబ్బులిస్తారు.

దీనికి మందు కవర్‌ని గీసే గరుకు ప్యాడ్లే. ఐక్యూ టూర్ తిరిగి 4000కి. ఫేజ్ 2కి 500 ప్యాడ్‌తో లోతుగా గీసి, దాని మీద 2000. స్పిన్నర్ (బాల్‌ని తిప్పే యంత్రం) మీద ప్యాడ్ తడిగా ఉండాలి. బాల్‌ని నాలుగు వైపులకీ తిప్పుతూ ఒక్కో వైపు 30 సెకన్లు, ఒత్తిడి అన్నివైపులా ఒకటే. ఇక్కడ చెడేది సాధారణంగా ప్యాడ్ వయసు వల్ల. అరిగిన 2000 ప్యాడ్ 3000లా గీస్తుంది. మీద రాసిన అంకె మారదు కాబట్టి ఎవరూ అనుమానించరు.

సరిచేసి మళ్లీ తాజా ఆయిల్ మీద, అదే వరుసలో వేయిస్తే ఐక్యూ టూర్ సగటు 17.1, ఫేజ్ 2 సగటు 19.6. ఇప్పుడు ఫేజ్ 2కి పాదాలు నాలుగు బోర్డులు జరపాల్సి వచ్చింది. మూడు నుంచి ఐదు మధ్య ఉంటే ఆ ఎడం ఉపయోగపడుతుంది. ఐదు దాటితే మధ్యలో ఖాళీ మిగిలి, ఏ బాల్ తీసినా సరిపోని పరిస్థితి వస్తుంది.

రెండో సమస్య హై-రోడ్. దాన్ని వెనక్కి ఇచ్చేద్దాం అన్నారు ఈయన. ఏడు బోర్డుల చెదురు చూస్తే ఎవరైనా అదే అంటారు. బయట పొడి తగిలితే ఎగిరి 21, లోపల ఆయిల్ తగిలితే జారి 14. కానీ తప్పు బాల్‌ది కాదు, పరీక్ష పెట్టిన సమయానిది. తాజా ఆయిల్ కోసం కొనని బాల్‌ని తాజా ఆయిల్ మీద పరీక్షించాం. గొడుగుని ఎండలో పట్టుకుని వాన ఆపలేదన్నట్టు.

రెండో పరీక్ష: వాడిన లేన్

లీగ్ ముగిశాక, ఆయిల్ మెషిన్ రాకముందు, అప్పుడే మూడు గేములు ఆడిన లేన్‌ని అడిగి తీసుకున్నాం. చాలా సెంటర్లు మర్యాదగా అడిగితే ఇస్తాయి, మూసే టైముకి ముందు అయితే. వరుస అదే 1-2-3, 3-2-1. కానీ ఈసారి గురి అన్ని బాల్స్‌కీ ఒకటి కాదు. ఒక్కో బాల్‌కి ముందు మూడు షాట్లు సర్దుకోవడానికి ఇచ్చి, దానికి నప్పిన గీతలో వేయించాం.

ఫేజ్ 2 పదిలో మూడుసార్లే పాకెట్‌కి వచ్చింది. వచ్చిన మూడింటిలో రెండుసార్లు 10వ పిన్ (వెనక వరుసలో కుడి చివరిది) నిలబడింది. దాని ముందుండే 6వ పిన్ ఎగరకుండా గట్టర్‌లో (లేన్ పక్క కాలువలో) మెల్లగా పడుకుంది. దీన్ని ఫ్లాట్ 10 అంటారు. ఐక్యూ టూర్ తొమ్మిది చెల్లిన షాట్లలో ఐదు పాకెట్. హై-రోడ్ తొమ్మిదిలో ఏడు, చెదురు మూడు బోర్డులు. ఆ గీత: పాదాలు 27వ బోర్డు, గురి మూడో బాణం, అంటే 15.

ఫ్లాట్ 10 దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే దాన్ని దాదాపు అందరూ తలకిందులుగా చదువుతారు. బాల్ దెబ్బలో బలం లేదు కాబట్టి ఇంకా గట్టి బాల్ కావాలి అనుకుంటారు. నిజానికి గట్టి బాల్ పొడిలో ముందే పట్టుకుని, తన శక్తిని లేన్ మధ్యలోనే ఖర్చుపెట్టేసి, పిన్నుల దగ్గరికి ఖాళీ చేతులతో వచ్చింది. పాకెట్‌లోకి వెళ్లే కోణం తగ్గిపోతుంది. స్ట్రైక్‌కి అనుకూలమైన కోణం 4 నుంచి 6 డిగ్రీలు. అంచు నుంచి తిన్నగా వేసిన బాల్ ఒకటిన్నర డిగ్రీ మించి తెచ్చుకోలేదు. ముందే దొర్లిపోయిన బాల్ ఆ తిన్నని బాల్‌కి దగ్గరగా ప్రవర్తిస్తుంది. హెడ్ పిన్ దాన్ని పక్కకి తోసేస్తుంది, 3వ పిన్, 6వ పిన్ సరిగా తగలవు. అప్పుడు కావలసింది బలహీనమైన బాల్, ముందు భాగం శుభ్రంగా దాటేది. 6వ పిన్ వేగంగా ఎగిరి 10వ పిన్ మెడ చుట్టూ తిరిగిపోతే అది వేరే సంగతి. బాల్ మంచిదే, నిలబడే చోటు అర బోర్డో ఒక బోర్డో జరిపి చూడాలి. 4వ పిన్ పదేపదే మిగిలితే బాల్ మరీ ఎడమకి వస్తోందని అర్థం, పాదాలు ఎడమకి జరపాల్సిన సమయం.

స్పేర్ బాల్

ఇక్కడ చెప్పాల్సింది తక్కువ, దక్కేది ఎక్కువ. 10వ పిన్ సుమారు 3వ బోర్డు మీద ఉంటుంది, గట్టర్‌కి ఆనుకుని. పాత బాల్‌తో దానికి 20 షాట్లు వేయిస్తే 9 తగిలాయి. ప్లాస్టిక్ బాల్‌తో, ఎడమవైపు 32వ బోర్డు నుంచి నాలుగో బాణం మీదుగా అడ్డంగా వేయిస్తే 15. మొదటి ఐదు షాట్లలో మూడు ఎడమకి తప్పాయి. ఈ చేతికి ప్లాస్టిక్ కూడా కాస్త తిరుగుతుంది. అరచేతిని బాల్ వెనకే ఉంచి, చెయ్యి ఊపు ముగిసేదాకా బొటనవేలు పన్నెండు గంటల వైపు చూసేలా వదలమంటే తిన్నగా పోయింది. స్పేర్ బాల్‌కి లేఅవుట్, గరుకు గురించి ఆలోచించక్కర్లేదు. నున్నగా, మెరుస్తూ ఉంటే చాలు. ఫిట్ మాత్రం మిగతా మూడింటిలాగే ఉండాలి.

లీగ్‌లో

వాడే పద్ధతి ఇలా కుదిరింది. తాజా లేన్ మీద ఫేజ్ 2తో మొదలు. రెండు షాట్లు వరుసగా ఎడమకి ఎగిరినా, ఒక ఫ్లాట్ 10 కనిపించినా ఐక్యూ టూర్. రాత్రిలో ఎక్కువ భాగం దానిదే. రెండో గేము చివర్లో ఐక్యూ టూర్‌కి మళ్లీ ఫ్లాట్ 10 మొదలైతే హై-రోడ్, పాదాలు లోపలికి. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరమైంది. ఒక చెడ్డ షాట్‌కి బాల్ మార్చకూడదు. గురి తప్పలేదని వెనక కూర్చున్న టీమ్ మనిషి చెప్పిన షాట్లే లెక్క. మొదటి రెండు వారాలు ఈయన గేముకి నాలుగుసార్లు బాల్ మార్చారు. ప్రతిసారీ కారణం చెయ్యే.

తొమ్మిది వారాల సగటు 171. గేముల వారీగా 176, 172, 165. మొదటి గేము చూడండి, పాత 178 కంటే రెండు తక్కువ. కొత్త బాల్స్ తాజా లేన్ మీద ఒక్క పిన్ కూడా కలపలేదు. వచ్చిన లాభమంతా రెండు, మూడు గేములు పడిపోకుండా ఆగడంలో ఉంది. అందులోనూ కొంత 10వ పిన్ స్పేర్లది, కొంత బొటనవేలి రంధ్రానిది. మూడు రియాక్టివ్ బాల్స్‌కి దక్కాల్సిన వాటా విడిగా లెక్కకట్టడం ఈ పద్ధతిలో సాధ్యం కాదు. ఫిట్, స్పేర్ బాల్ మాత్రమే మార్చి కొన్ని వారాలు ఆడించి, తర్వాత మిగతావి ఇచ్చి ఉంటే తెలిసేది. డబ్బు కుదరని వాళ్లకి మేం చెప్పే వరుస కూడా అదే: ముందు ఫిట్, తర్వాత స్పేర్ బాల్, తర్వాత బెంచ్‌మార్క్. గట్టి బాల్ అన్నిటికంటే చివర.

బొటనవేలు ఇంకా పూర్తిగా కుదురుకోలేదు. మూడో గేముకి వేలు కొంచెం ఉబ్బుతోంది. రంధ్రంలో టేపు ఒక పొరతో మొదలుపెట్టి, రెండో గేము తర్వాత దాన్ని తీసేయడం అలవాటు చేయిస్తున్నాం. షాట్‌కీ షాట్‌కీ మధ్య బాల్ మీది ఆయిల్‌ని పొడి టవల్‌తో తుడవాలి. లీగ్ ఆట మధ్యలో క్లీనర్ ద్రవాలకి, గరుకు మార్చడానికి అనుమతి లేదు. ఆట ముగిసిన వెంటనే, ఆయిల్ ఇంకకముందే, క్లీనర్‌తో తుడిస్తే కవర్ ఎక్కువకాలం పనిచేస్తుంది. టెక్సస్ ఎండల్లో కారు డిక్కీలో బాల్స్ వదిలేయకూడదు, వేడికి పగుళ్లొచ్చిన బాల్‌ని బాగుచేయడం కష్టం.

తొమ్మిదో వారం తర్వాత తాజా ఆయిల్ మీద పాదాల ఎడం మళ్లీ కొలిచాం. ఫేజ్ 2కీ ఐక్యూ టూర్‌కీ మధ్య నాలుగు బోర్డులున్నది రెండున్నరకి వచ్చింది. లేన్ రాపిడికి గరుకు బాల్ నునుపెక్కింది. కొత్త 2000 ప్యాడ్‌తో నాలుగు వైపులా గీస్తే తిరిగి నాలుగయింది. ఫేజ్ 2కి ఇకనుంచి ప్రతి పది గేములకొకసారి ప్యాడ్, ఆ మర్నాడు మూడు షాట్లు ఐక్యూ టూర్ పక్కన వేసి పాదాల తేడా కార్డు మీద రాసుకోవడం.